యూపీఎస్ పారేయలేదు, బ్యాటరీ మార్చాను

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, అప్పుడప్పుడూ ఒక పుస్తకం టైపింగ్. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను తెలుగు ఫాంట్లతో పనిచేసేవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఫైలు తెరిచి ఉండగా కరెంటు పోతే చివరిసారి సేవ్ చేసినప్పటి నుంచి చేసిందంతా పోతుంది. ఒక్కోసారి ఆ ఫైలే మళ్ళీ తెరుచుకోదు. అందుకే షాపులో కంప్యూటర్ ఎంత ముఖ్యమో, దాని పక్కనుండి, కరెంటు పోతే కాసేపు బ్యాటరీతో నడిపే యూపీఎస్ కూడా నాకంతే ముఖ్యం.

మాది 600 వీఏ (ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత) యూపీఎస్. ఇళ్ళల్లో, చిన్న షాపుల్లో ఎక్కువగా కనిపించే రకమే. కొత్తలో కరెంటు పోయాక పావుగంటకు పైనే లాగేది. చలికాలం నుంచి ఆ టైం తగ్గుతూ వచ్చింది. ఐదారు నిమిషాలకు దిగింది, ఆ తర్వాత సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టడానికి మాత్రమే సరిపోయేది. మే నెలకల్లా కరెంటు పోయిన క్షణంలోనే సిస్టం కూడా ఆరిపోవడం మొదలైంది. అసలే పెళ్ళిళ్ళ సీజన్. శుభలేఖ కోసం వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని పేర్లు, ముహూర్తం సరిచూస్తుంటారు. నాకేమో ఎప్పుడు కరెంటు పోతుందోనని టెన్షన్. నాలుగు లైన్లు కొట్టడం, కంట్రోల్ ఎస్ నొక్కడం, మళ్ళీ నాలుగు లైన్లు.

సిస్టం సర్వీసింగ్‌కి వచ్చే అతన్ని పిలిస్తే ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి చూసి, "బోర్డు వీకైపోయింది మేడం, దీని మీద డబ్బులు పెట్టొద్దు, కొత్తది తెచ్చేస్తాను" అన్నాడు. బోర్డంటే లోపలి సర్క్యూట్. అతను మూత తీసి చూడనైనా లేదు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. కరెంటు ఉన్నంతసేపూ యూపీఎస్ బాగానే పనిచేస్తోంది. ఓల్టేజి తగ్గినప్పుడల్లా లోపల టక్‌మని రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మారిన చప్పుడు వినిపిస్తోంది, మానిటర్ మాత్రం మిణుకుమనడం లేదు. బోర్డు పోయి ఉంటే ఓల్టేజిని ఇంత చక్కగా సరిచెయ్యదు కదా అనిపించింది. పైగా కొని మూడో ఏడు నడుస్తోంది. మా ఊరి ఎండలకి ఈ రకం యూపీఎస్‌లలో ఆపాటికి అలిసిపోయేది బ్యాటరీయే.

ఈ చిన్న యూపీఎస్‌లలో ఉండేది 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. కారు బ్యాటరీలో లాగే ఇందులోనూ సీసం పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. తేడా ఏమిటంటే ఆ యాసిడ్‌ని పలకల మధ్య ఉన్న గాజు నార పీల్చుకుని ఉంటుంది, కాబట్టి పొర్లదు, కారదు. డిస్టిల్డ్ వాటర్ పొయ్యక్కర్లేదు, మామూలుగా పొయ్యడానికి వీలూ ఉండదు. లోపలి తడి ఆరిపోయిందంటే ఇక ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

మూత తీసే ముందు ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ప్లగ్గు పీకేసినంత మాత్రాన యూపీఎస్‌లో కరెంటు లేదనుకోకూడదు. లోపల బ్యాటరీ ఉంది. చెయ్యి తగిలి ముందున్న బటన్ నొక్కుకుంటే, గోడతో ఏ సంబంధం లేకుండానే 230 వోల్టులు పుట్టించగలదు. అది ఉన్నదే అందుకు. కాబట్టి ముందు బటన్‌తో ఆఫ్ చెయ్యాలి, ఆ తర్వాత ప్లగ్గు పీకాలి, కెపాసిటర్లలో (కరెంటుని కాసేపు నిలవ ఉంచే భాగాల్లో) మిగిలినది దిగడానికి కాసేపు వదిలెయ్యాలి. మూత తీశాక అన్నిటికంటే ముందు బ్యాటరీ వైరు ఊడదీయాలి, బోర్డు జోలికి అసలు పోకూడదు. ఆడవాళ్ళకి ఇంకో మాట. బంగారు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి, మెడలో గొలుసు జాకెట్ లోపలికి వేసుకోండి. ఇంత చిన్న బ్యాటరీ అయినా రెండు టెర్మినళ్ళ మధ్య లోహం పడితే ఆ క్షణంలో వంద ఆంపియర్ల దాకా తోస్తుంది. అది ఒంటిమీద ఉన్న నగ అయితే చర్మం కాలిపోతుంది.

ఇవన్నీ చూసుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు మొదలుపెట్టాను. స్టార్ స్క్రూడ్రైవర్‌తో అడుగునున్న స్క్రూలు తీస్తే పైమూత లేచింది. ఒక పక్క బరువైన ట్రాన్స్‌ఫార్మర్, ఇంకో పక్క బ్యాటరీ, మధ్యలో బోర్డు. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఎరుపు ప్లస్, నలుపు మైనస్ అని అందరికీ తెలిసిందే అయినా ఫొటో ఉంటే ధైర్యం. నల్ల వైరు లగ్గుని (చివరనున్న లోహపు క్లిప్పుని) నోస్ ప్లయర్‌తో పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ లాగాను. వైరు పట్టుకుని లాగితే లగ్గు దగ్గర తెగుతుంది, లగ్గునే పట్టుకోవాలి. దాని చివర ఇన్సులేషన్ టేపు చుట్టి, అప్పుడు ఎర్ర వైరు తీశాను.

బ్యాటరీ మాత్రం గూట్లోంచి రాలేదు. పక్కలు కొంచెం ఉబ్బి ఇరుక్కుపోయింది. ఇలాంటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోయకూడదు, డబ్బా పగిలితే యాసిడ్ తడి బయటికి వస్తుంది. బ్యాటరీని పట్టి ఉంచిన రేకు స్క్రూలు వదులు చేసి, యూపీఎస్‌ని పక్కకి ఒరిగించి నెమ్మదిగా జార్చాను. లేబుల్ మీద 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ ఎంత నిలవ ఉంచుకోగలదో చెప్పే కొలత) అని ఉంది. స్కేలు పెట్టి కొలుచుకున్నాను, పొడవు 151 మిల్లీమీటర్లు, వెడల్పు 65, ఎత్తు 94. ఏ కంపెనీ 7 ఏహెచ్ బ్యాటరీ అయినా ఇంచుమించు ఇదే కొలత. అయినా కొలుచుకుని వెళ్ళడం మంచిది, ఎందుకంటే కొన్ని పాత యూపీఎస్‌లలో 5 ఏహెచ్‌వీ, వేరే కొలతవీ ఉంటాయి.

అరండల్‌పేటలో ఒక బ్యాటరీ షాపు ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీలు, కారు బ్యాటరీలు, ఈ చిన్నవి, అన్నీ అమ్ముతారు. షాపాయన పెద్దవారు, అందరూ బాబాయి గారూ అనే పిలుస్తారు. యూపీఎస్, పాత బ్యాటరీ రెండూ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. మల్టీమీటర్ పెట్టగానే 12.6 వోల్టులు చూపించింది. నాకు గుండె ఝల్లుమంది. బ్యాటరీ బాగానే ఉందేమో, సర్వీసింగ్ అతను అన్నట్టు బోర్డే పోయిందేమో అనుకున్నాను.

ఆయన ఏమీ మాట్లాడకుండా 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసి, దాని రెండు వైర్లూ బ్యాటరీకి తగిలించారు. బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగి, చూస్తూండగానే పసుపుగా మారి, చివరికి లోపలి తీగ ఎర్రగా మాత్రం మిగిలింది. మీటర్ 8 వోల్టుల కిందకి పడిపోయింది. బల్బు తీసేస్తే మెల్లగా మళ్ళీ 12 దాటింది.

"చెరువులో పూడిక చేరినా పైనుంచి చూస్తే నీళ్ళు నిండుగానే కనిపిస్తాయమ్మా. తూము ఎత్తినప్పుడు కదా తెలిసేది, ఎన్ని ఎకరాలు తడుపుతుందో" అన్నారు.

ఈ ఒక్క మాట తెలిస్తే చాలా మంది డబ్బులు మిగులుతాయని నాకు గట్టిగా అనిపించింది. ఊరికే మీటర్ పెట్టి చూసిన వోల్టులని బట్టి బ్యాటరీ బాగుందని చెప్పకూడదు. లోడు పెట్టి, అంటే బల్బు లాంటిది తగిలించి చూడాలి. వాడగా వాడగా పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది, లోపలి తడి తగ్గుతుంది. వోల్టేజి కనిపిస్తూనే ఉంటుంది గానీ, లాగితే ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఆ బల్బు లాగేది నాలుగున్నర ఆంపియర్లే. నా సిస్టం, మానిటర్ కలిపి 100 వాట్ల దాకా తీసుకుంటాయి. యూపీఎస్‌లో పోయే నష్టం కూడా కలుపుకుంటే బ్యాటరీ 10 ఆంపియర్ల దాకా ఇవ్వాలి. బల్బుకే చేతులెత్తేసిన బ్యాటరీ సిస్టంని ఎలా మోస్తుంది?

నేను కొత్త బ్యాటరీ ఇమ్మంటే ఆయన వెంటనే ఇవ్వలేదు. "ఉబ్బింది కదా, ముందు ఛార్జింగ్ చూద్దాం" అన్నారు. ఉబ్బడానికి రెండు కారణాలు ఉండవచ్చట. ఒకటి వేడి, వయసు. రెండోది, యూపీఎస్ లోపలి ఛార్జర్ అవసరానికి మించి ఎక్కిస్తూ ఉండడం. రెండోదే అయితే కొత్త బ్యాటరీ కూడా కొన్నాళ్ళకి ఇలాగే తయారవుతుంది. తన దగ్గరున్న మంచి బ్యాటరీ ఒకటి యూపీఎస్‌కి తగిలించి, కరెంటు ఇచ్చి, నిండేదాకా ఉంచి కొలిచారు. 13.6 వోల్టుల దగ్గర నిలబడింది. ఇలాంటి బ్యాటరీని ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంచడానికి 13.5 నుంచి 13.8 మధ్య ఉండాలి, అంటే ఛార్జర్ సరిగ్గా ఉంది. ఆ బ్యాటరీ మీదే యూపీఎస్‌ని ఆన్ చేసి ఒక బల్బు కూడా వెలిగించి చూపించారు. బోర్డు మీద వేసిన నింద అక్కడితో తీరిపోయింది. మూత తెరిచి, ప్లగ్గు పెట్టి కొలిచే ఈ పని మాత్రం ఇంట్లో ఎవరూ చెయ్యకండి. అలవాటున్న చెయ్యి చెయ్యాల్సిన పని అది.

మిగిలింది వేడి. యూపీఎస్ ఎక్కడ పెట్టావని అడిగారు. షాపు వైరింగ్ చేసినప్పుడే ఎలక్ట్రీషియన్ టేబుల్ కింద, గోడ మూలకి ప్లగ్గు బోర్డు ఇచ్చాడు, యూపీఎస్ అక్కడే ఉంటుంది. సీపీయూ వెనక ఫ్యాన్ గాలి నేరుగా దాని మీదకే వస్తుంది. ఇలాంటి బ్యాటరీలకి కంపెనీలు చెప్పే మూడేళ్ళు, ఐదేళ్ళ ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క. దాని మీద ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగం అవుతుంది. మే నెలలో గుంటూరులో బయట 42, 43 డిగ్రీలు ఉంటుంది. టేబుల్ కింద ఆ మూలలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. ఈ లెక్కన నా బ్యాటరీ అంతకాలం బతకడమే ఎక్కువ.

ఇక కొత్తది ఎంచుకోవడం. ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. మార్చడం చిన్న పని, ఎంచుకోవడమే అసలు పని.

మొదట 9 ఏహెచ్ తీసుకోవాలనిపించింది. అదే కొలతలో వస్తుంది, ఇంకొంచెం సేపు లాగుతుంది. కానీ దాని టెర్మినల్ రేకులు సాధారణంగా 6.35 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి, నా యూపీఎస్ వైర్లకి ఉన్నవి 4.75 రేకుకి సరిపోయే చిన్న లగ్గులు. లగ్గులు కోసి కొత్తవి వెయ్యాలి. నాకు కావలసింది గంటలకొద్దీ పని కాదు, ఫైలు సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేసేంత నమ్మకమైన టైం. 7 ఏహెచ్ చాలనుకున్నాను. మీ యూపీఎస్‌లో పెద్ద లగ్గులే ఉంటే 9 ఏహెచ్ ఆలోచించవచ్చు.

బైక్ బ్యాటరీ పెట్టేవాళ్ళూ, రంధ్రం చేసి వైర్లు బయటికి తెచ్చి పెద్ద బ్యాటరీ తగిలించేవాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసిన ఒక నెట్ సెంటర్‌లో అలా చేసి చూపించారు కూడా. అది చెయ్యొద్దని నా మనవి. ఈ చిన్న యూపీఎస్‌లో ట్రాన్స్‌ఫార్మర్, వేడి తీసే రేకులు అన్నీ పావుగంట, అరగంట పనికి సరిపోయేలా చేసినవి. గంటలు గంటలు నడిపితే కాలిపోతాయి. లోపలి ఛార్జర్ చిన్నది, పెద్ద బ్యాటరీని సరిగ్గా నింపలేదు, సగం నిండిన బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

ఆ తర్వాత తేదీ. బాబాయి గారు పెట్టెలోంచి తీసిన మొదటి బ్యాటరీ మీద తయారైన నెల చూస్తే ఏడాది దాటింది. ఈ బ్యాటరీలు అరలో ఊరికే ఉన్నా నెలనెలా కొంత ఛార్జి పోతూనే ఉంటుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఆరు నెలలకోసారైనా ఛార్జింగ్ పెట్టకపోతే కొత్తదే పాతదైపోతుంది. ఆ మాటే అడిగితే ఆయన ఏమీ అనుకోలేదు, లోపలి నుంచి ఇంకొకటి తెచ్చారు. అది రెండు నెలల కిందటిది. మీటర్ 12.9 చూపించింది, హెడ్‌లైట్ బల్బు కదలకుండా తెల్లగా వెలిగింది, వెలుగుతున్నంతసేపూ వోల్టేజి 12 కిందకి రాలేదు. కొనేటప్పుడు ఈ రెండూ అడగడానికి మొహమాటపడకండి. ఒక్క తేదీ చూడండి, ఒక్క నిమిషం బల్బు వెలిగించమనండి.

నేను తీసుకున్నది అమర రాజా వారి క్వాంటా. 1985లో మొదలైన కంపెనీ, తిరుపతి దగ్గర కరకంబాడిలో ఫ్యాక్టరీ. మన దగ్గర తయారైన వస్తువు మన షాపులో పనిచేస్తుందంటే నాకు సంతోషం, దాచుకోను. ఎక్సైడ్ వాళ్ళవీ అదే షాపులో ఉన్నాయి, ధర ఇంచుమించు ఒకటే. పాతది ఇచ్చేస్తే కొంత తగ్గించి, వెయ్యి రూపాయల దగ్గర తేలింది. కొత్త యూపీఎస్ అయితే దానికి రెండు మూడింతలు. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నెంబరు రాయించుకుని, వారంటీ కార్డు మీద స్టాంపు వేయించుకున్నాను.

పాత బ్యాటరీ గురించి ఒక మాట. ఇది చెత్తబండిలో వెయ్యాల్సిన వస్తువు కాదు, పాత ఇనుప సామాన్లకి అమ్మాల్సిందీ కాదు. అలా అమ్మితే సందుల్లో ఎక్కడో డబ్బా పగలగొట్టి, యాసిడ్ కాలవలో పారబోసి, సీసం కట్టెల పొయ్యి మీద కరిగిస్తారు. ఆ పొగ, ఆ దుమ్ము చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. మన దేశంలో 2001 నుంచే బ్యాటరీలకి నిబంధనలు ఉన్నాయి, వాటి స్థానంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. పాత బ్యాటరీలు వెనక్కి చేరి రీసైక్లింగ్‌కి వెళ్ళేలా చూడడం తయారీదారుల బాధ్యత. మిగతా చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వడం మన బాధ్యత. షాపులో ఇస్తే డబ్బులు కూడా తగ్గిస్తున్నప్పుడు ఇంకోచోట ఇవ్వడానికి కారణమే లేదు.

షాపుకి తిరిగొచ్చి బిగించడం చాలా తేలిగ్గా అయింది. గూట్లో దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులిపి, బ్యాటరీని పాతది ఉన్న దిక్కులోనే పెట్టాను. ఫొటో చూసుకుని ముందు ఎర్ర వైరు, చివర నల్ల వైరు. నల్ల లగ్గు తగిలేటప్పుడు టక్‌మని చిన్న నిప్పురవ్వ వచ్చింది. బోర్డు మీది కెపాసిటర్లు నిండేటప్పుడు అలా వస్తుందని బాబాయి గారు ముందే చెప్పి పంపారు కాబట్టి భయపడలేదు. వైర్లు తారుమారైతే మాత్రం ఫ్యూజో, బోర్డు మీది ట్రాన్సిస్టర్లో పోతాయి, అందుకే తగిలించే ముందు ఇంకోసారి చూసుకోవాలి. లగ్గులు వదులుగా ఉంటే అక్కడే వేడెక్కుతాయి, రెండూ గట్టిగా కూర్చున్నాయని వేలితో కదిపి చూసి మూత బిగించాను.

ఆ రాత్రంతా సిస్టం తగిలించకుండా ఛార్జింగ్‌లో ఉంచాను. కొత్త బ్యాటరీని పెట్టీ పెట్టగానే పరీక్షిస్తే సరైన టైం తెలియదు, ఆరు నుంచి ఎనిమిది గంటలు నిండనివ్వాలి. మర్నాడు ఫైళ్ళన్నీ మూసేసి, మానిటర్, సీపీయూ మాత్రం నడుస్తుండగా గోడ ప్లగ్గు బోర్డు మీద స్విచ్ ఆపాను. ప్లగ్గు పీకలేదు. ప్లగ్గు పీకితే ఎర్తింగ్ కూడా పోతుంది, స్విచ్ ఆపితే ఎర్తింగ్ అలాగే ఉంటుంది. యూపీఎస్ బీప్ మొదలుపెట్టింది, మానిటర్ కదల్లేదు. పావుగంట దాటాక నేనే ఆపేసి స్విచ్ వేశాను. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా లాగితే బ్యాటరీకి మంచిది కాదు.

కొందరు ఆశ్చర్యపోతుంటారు, 7 ఏహెచ్ అంటే 7 ఆంపియర్లు గంటసేపు రావాలి కదా అని. ఆ లెక్క 20 గంటల మీద కట్టింది. 0.35 ఆంపియర్ చొప్పున మెల్లగా వాడుకుంటే 20 గంటలు. నాలాగా 10 ఆంపియర్లు లాగితే కొత్త బ్యాటరీ అయినా ఇరవై నిమిషాలు, మహా అయితే ఇంకో ఐదు.

లేజర్ ప్రింటర్‌ని నేను మొదటి నుంచీ విడిగా గోడ ప్లగ్గుకే ఇస్తాను. చాలా షాపుల్లో యూపీఎస్ వెనక ఖాళీగా ఉందని ప్రింటర్ కూడా అక్కడే పెడతారు. ప్రింటర్ లోపలి రోలర్ వేడెక్కేటప్పుడు ఐదారు వందల వాట్లు, ఇంకా ఎక్కువ కూడా లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేదే 360 వాట్ల చుట్టూ. కరెంటు లేని టైంలో ఒక్క ప్రింట్ కొడితే చాలు, ఓవర్‌లోడ్ అయి సిస్టంతో సహా ఆగిపోతుంది.

యూపీఎస్‌ని టేబుల్ కింద నుంచి తీసి, నాలుగు వైపులా గాలి తగిలేలా పక్కనే చిన్న స్టూలు మీద పెట్టించాను. దానికోసం ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్గు బోర్డు కూడా మార్పించాను. మూత మీద బ్యాటరీ వేసిన నెల, సంవత్సరం మార్కర్‌తో రాసి స్టిక్కర్ అంటించాను. ఇక నుంచి రెండు మూడు నెలలకోసారి స్విచ్ ఆపి ఎంతసేపు లాగుతుందో చూసి, ఆ నిమిషాలు కూడా దాని మీదే రాస్తాను. టైం సగానికి పడిపోయిందంటే పెళ్ళిళ్ళ సీజన్ వచ్చేదాకా ఆగకుండా ముందే మార్చేస్తాను.

మా రెండో సిస్టంకి ఉన్నది 1100 వీఏ. దాంట్లో రెండు బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి కలిపి 24 వోల్టులు. అదీ ఈ మధ్య టైం తగ్గించింది. వాటిలో ఒక్కటే మార్చకూడదు. పాతది త్వరగా దిగిపోతుంది, ఛార్జింగ్ అప్పుడు రెండింటి మీదా వోల్టేజి సమానంగా పడదు, దాంతో కొత్తది కూడా పాడవుతుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి కావాలని బాబాయి గారికి చెప్పి వచ్చాను. కొత్త సరుకు దిగగానే ఫోన్ చేస్తానన్నారు.